పర్లాకిమిడి వాయిదా, న్యూజెర్సీ జీతం

తమ్ముడూ, నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మీ అమ్మ పేరున ఒడిశాలో మన కాశీనగర్ దగ్గరున్న పొలం మీద మీ పెదనాన్న కొడుకులు దావా వేశారు, ప్లీడరు లక్ష అడుగుతున్నాడు, పంపించెయ్యనా అంటావు. అమెరికా వచ్చి ఎనిమిది నెలలే కదా, లక్షంటే వెయ్యి చిల్లర డాలర్లేగా అనిపిస్తుంది. ఆ ‘లేగా’తోనే నా కొంప మునిగింది.

నేను 2003లో వచ్చాను. మరుసటేడే పర్లాకిమిడి కోర్టులో మా మీద భాగాల దావా పడింది. ప్లీడరు గారు నాన్నకి తెలిసినవారే. ఫీజెంతండీ అంటే, “మనలో మనకేంటి బాబూ, చూసుకుందాం లెండి” అన్నారు. ఎంత మంచివారో అనుకున్నాను. తర్వాత వాయిదాకింత, జవాబు దాఖలు చేస్తే ఇంత, సాక్షిని క్రాస్ చేస్తే, అంటే ఎదురు ప్రశ్నలు వేస్తే, ఇంత. గుమాస్తా రాసిన చీటీ ఒకటి ఇప్పటికీ నా దగ్గరుంది: టైపు 340, జిరాక్సు 85, స్టాంపులు 60, నకళ్ళు 220, ఇతరములు 1,500. ఆ ‘ఇతరములు’ ఏమిటని నాలుగేళ్ళు అడగలేదు. మొహమాటం! నువ్వు మాత్రం ముందే కాగితం మీద రాయించుకో. దావా మొత్తానికా, వాయిదాకా, అప్పీలు కటక్ హైకోర్టు దాకా వెళ్తే అది వేరేనా అని. డబ్బు బ్యాంకులో వెయ్యి, రసీదు అడుగు. ఇంకో మాట, దావా వేసింది వాళ్ళు కనుక దావాకి కోర్టు ఫీజు కట్టేదీ వాళ్ళే. నీ లక్షలో కోర్టు ఫీజు అని ఏమైనా ఉంటే దేనికో చెప్పమను.

మన ఆంధ్రా-ఒడిశా సరిహద్దు వాళ్ళకి ఇంకో ఖర్చుంది. 1936 దాకా మనం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్నాం, తాతల కాగితాలన్నీ తెలుగు. కోర్టులో ఒడియా, ఇంగ్లీషు. మా తాత 1931 దస్తావేజులో ‘దొడ్డి’ అని ఉంటే, అనువాదం చేసినాయన పశువుల కొట్టం అని రాశాడు. మన వైపు దొడ్డంటే ఇంటి వెనక పెరడు కదా! అవతలి ప్లీడరు దాన్ని పట్టుకున్నాడు. మళ్ళీ అనువాదం, మళ్ళీ రెండు వాయిదాలు. ఆ ఒక్క మాటకి నాకైన డబ్బుతో ఇక్కడ నెల సరుకులు వచ్చేవి. మీ కాగితాలు ముందే రెండు భాషలూ వచ్చిన పెద్దాయనెవరికైనా చూపించు.

మన తరఫున అక్కడ ఇంకొకరు పని నడిపేందుకు ఇచ్చే పవరాఫ్ అటార్నీ సంగతీ అంతే. నేను ఇక్కడి నోటరీ చేత సంతకం పెట్టించి మా బావకి పంపించేశాను. ఇండియన్ కాన్సులేట్ ముద్ర లేదని అవతలివాళ్ళు అభ్యంతరం పెట్టారు. రెండోసారి చేయించాల్సి వచ్చింది. కాన్సులేట్ చేతగానీ, అపోస్టిల్‌తోగానీ (నోటరీ సంతకం అసలైనదేనని ఇక్కడి ప్రభుత్వం వేసే ధ్రువీకరణ) చేయించు, ఇండియా చేరాక మూడు నెలల్లోపు స్టాంపు వేయించు. మిగతా నిబంధనలు కాన్సులేట్ సైటులోనే ఉన్నాయి, మీ తరానికి నేను చెప్పాలా!

ఇక్కడ రోడ్డు పక్క బోర్డుల మీద ‘గెలిస్తేనే ఫీజు’ అని లాయర్ల ఫోటోలు చూసి, నేనూ మా ప్లీడరుకి గెలిస్తే పొలంలో పదో వంతు ఇస్తానన్నాను. తెలివైన బేరం అనుకున్నాను. మన దేశంలో లాయరు అలా వాటా తీసుకోకూడదు, లాయర్ల వృత్తిని అదుపు చేసే బార్ కౌన్సిల్ నియమం. తర్వాత ప్లీడర్ని మారుద్దామంటే బాకీ తీరిస్తేనే ఫైలన్నారు. బాకీ కోసం ఫైలు అట్టిపెట్టుకోకూడదని సుప్రీంకోర్టు 2000లోనే చెప్పిందని, కట్టేశాక తెలిసింది.

గెలిస్తే ఖర్చులు తిరిగొస్తాయా అని అడిగావు. సివిల్ ప్రొసీజర్ కోడ్ 35వ సెక్షన్ ప్రకారం ఓడినవాళ్ళు ఇవ్వాలనే ఉంది. కానీ కోర్టు లెక్కగట్టే ఫీజు వేరు, నువ్వు ఇచ్చింది వేరు. దొంగ దావా అని తేలినా, మామూలు సివిల్ కేసులో 35ఎ కింద వచ్చే పరిహారం 3,000 రూపాయలకి మించదు. మా కేసు చివరికి లోక్ అదాలత్‌లో రాజీ అయింది. అక్కడ తేలితే కోర్టు ఫీజు వాపసు. కట్టింది వాళ్ళు కాబట్టి ఆ వాపసూ వాళ్ళకే పోయింది! నాకు మిగిలింది ఏడేళ్ళ చీటీల కట్ట.

ఇంకొకటి చెప్పాలంటే సిగ్గేస్తుంది. 1987 న్యాయ సేవల చట్టం ప్రకారం ఆడవాళ్ళకి ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది. మాదీ అమ్మ పేరున ఉన్న పొలమే. ఇద్దరు పిల్లల్ని చదివించుకుంటూ ఎడిసన్‌లో ఇల్లు కొన్నవాణ్ణి, మా అమ్మ ఉచిత లాయరు దగ్గరికి వెళ్ళడమేంటని పరువుకి పోయాను. మీ అమ్మగారిని ఈ వారమే జిల్లా న్యాయ సేవల ఆఫీసులో కనుక్కోమను. డబ్బు పంపేముందు, ఆ లక్ష దేనికెంతో ప్లీడరు చేత రాయించి నాకు ఫోటో పెట్టు. ఆదివారం చూస్తాను, శనివారం గుడి కమిటీ మీటింగుంది.