అడగకుండా ప్రీమియం పెట్రోలు పోస్తే కేసు వేయవచ్చా?

ప్రశ్న: నాది 2022 మోడల్ 125 సీసీ బైకు. మొన్న బంకులో 500 రూపాయలకు పెట్రోలు పోయమంటే నన్ను అడక్కుండానే ప్రీమియం పోశారు. లీటరుకు రేటు ఎక్కువ పడింది. ఇదేమిటంటే, "బీఎస్6 బండ్లకు ఇదే పోయాలి, మామూలుది పోస్తే ఇంజిన్ పోతుంది" అన్నారు. కేసు వేస్తే నిలుస్తుందా?

జవాబు: మీ కేసుకు బలం వాళ్లన్న ఆ మాటలోనే ఉంది. ఒక వస్తువు అవసరమనో ఉపయోగకరమనో తప్పుదోవ పట్టించి అమ్మడం వినియోగదారుల రక్షణ చట్టం, 2019 సెక్షన్ 2(47) కింద అనుచిత వ్యాపార విధానం.

ఆ మాట ఎందుకు తప్పంటే, 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతటా బంకుల్లో అమ్మే మామూలు పెట్రోలు కూడా బీఎస్6 (వాహన కాలుష్యాన్ని తగ్గించే ప్రమాణం) ఇంధనమే. గంధకం 10 పీపీఎం (పది లక్షల భాగాల్లో 10) మించకూడదన్న షరతు మామూలుకైనా ప్రీమియంకైనా ఒకటే. ఎక్స్‌పీ95, పవర్95 అనే ప్రీమియం పెట్రోళ్ల పేర్లలోని 95 ఆక్టేన్ సంఖ్య. 2020లో బీఎస్6 వచ్చినప్పుడు మామూలు పెట్రోలుకు కనీసం 91 ఉండాలని పెట్టారు. ఆక్టేన్ ఎక్కువైతే ఇంజిన్‌లో నాకింగ్ (ఇంధనం అదుపు తప్పి మండి వచ్చే టకటక చప్పుడు) తగ్గుతుంది. కంప్రెషన్ (మండే ముందు ఇంధన మిశ్రమాన్ని నొక్కడం) ఎక్కువగా ఉండే ఇంజిన్లకు అది అవసరం. ఆక్టేన్ పెరిగినంత మాత్రాన మైలేజీ పెరుగుతుందనుకోకండి.

బండితో వచ్చిన ఓనర్ మాన్యువల్‌లో ఇంధనం పేజీ తీయండి. ఆక్టేన్ కనీసం 91 అని ఉంటే ప్రీమియం మీ ఇష్టం, అవసరం కాదు. మామూలు పెట్రోలు వాడారన్న ఒక్క కారణంతో సర్వీస్ సెంటర్ వారంటీ నిరాకరించడం కూడా చెల్లదు. 95 అని ఉంటే మాత్రం మీ వాదన బలహీనపడుతుంది.

మామూలు పెట్రోలు నిజంగా అయిపోయి, ఆ సంగతి ముందే చెప్పి, మీరు సరేనన్నాక పోస్తే తప్పు లేదు. స్టాకు ఉంచుకుని లేదంటే మాత్రం అనవసరపు ఖర్చు మీ మీద రుద్దినట్టే. సెక్షన్ 2(41) నిర్బంధ వ్యాపార విధానం కింద దాన్ని ప్రశ్నించవచ్చు.

ఇక సాక్ష్యం. చాలామంది ఇక్కడే దెబ్బతింటారు. యూపీఐ రసీదులో మొత్తం ఎంతో ఉంటుంది కానీ ఏ పెట్రోలు, లీటరు ఎంత అన్నది ఉండదు. బంకు బిల్లు ఉందా చూసుకోండి. అడిగినా బిల్లు ఇవ్వకపోవడం కూడా సెక్షన్ 2(47) కింద తప్పే. రేట్ల బోర్డు ఫొటో జత చేయండి. బంకులోని ఫిర్యాదు పుస్తకంలో తేదీ, సమయం, వాళ్లన్న మాట ఉన్నదున్నట్టు రాసి, ఆ పేజీ ఫొటో తీసుకోండి.

ముందు ఆయిల్ కంపెనీకి రాతపూర్వకంగా, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేయండి. ఒక్కసారి జరిగినదానికి ఇదే త్వరగా పనిచేసే దారి. తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు ఈ-జాగృతి అనే ఆన్‌లైన్ పోర్టల్ ద్వారా వెళ్లండి. గడువు 2 ఏళ్లు. మీరు నివసించే జిల్లాలోనే వేయవచ్చు, లాయరు తప్పనిసరి కాదు, మీ కొనుగోలు విలువకు ఫీజు లేదు. రేటు తేడా, మానసిక వేదనకు పరిహారం, ఖర్చులు అడగండి. తేడా కొద్ది రూపాయలే కాబట్టి పెద్ద మొత్తం ఆశించవద్దు.

కల్తీ వల్ల ఇంజిన్ పోయిందంటే మాత్రం అది వేరే కేసు. మీరు సీసాలో పట్టుకెళ్లిన పెట్రోలు కమిషన్ ముందు సాక్ష్యంగా అంతగా నిలవదు. సెక్షన్ 38 ప్రకారం కమిషనే నమూనాకు సీలు వేసి ల్యాబుకు పంపాలని కోరండి. అనుమానం వస్తే బంకులోనే ఫిల్టర్ పేపర్ పరీక్ష, డెన్సిటీ (సాంద్రత) పరీక్ష అడగండి. ఫిల్టర్ పేపర్ మీద వేసిన పెట్రోలు చుక్క ఆరాక ముదురు మరక మిగిలితే కల్తీని అనుమానించాలి, లేత గులాబీ రంగైతే అది పెట్రోలులో కలిపిన రంగే. కొలతపై అనుమానముంటే తూనికలు కొలతల శాఖ సీలున్న 5 లీటర్ల కొలపాత్రతో పోసి చూపించమనండి.

ఏ ఫిర్యాదులోనైనా డీలరుతో పాటు ఆయిల్ కంపెనీని కూడా ప్రతివాదిగా చేర్చండి.