వంటింటి క్యాలెండర్ పట్టుకుని కన్జర్వేటివ్‌ల మీటింగుకి వెళ్ళాను

ప్రశ్న ఇది: 2015లో కెనడాలో ట్రూడో లిబరల్ ప్రభుత్వం వచ్చాక కన్జర్వేటివ్‌లు దాని విధానాలన్నింటికీ ఎందుకు అడ్డం పడ్డారు, అదంతా డబ్బున్నవాళ్ళ కోసమేనా, మన తెలుగువాళ్ళు కూడా వాళ్ళ వెనక ఎందుకు చేరారు?

డబ్బున్నవాళ్ళ కోసం కాదు. 2017లో జరిగిన గొడవ మాత్రం ముమ్మాటికీ కాదు. ఆ గొడవలో నేను ఉన్నాను, కాబట్టి దాని గురించే రాస్తాను.

2015 అక్టోబర్ 19న నేను ఓటేసింది లిబరల్స్‌కే. ఆ ఎన్నికలకి రెండు వారాల ముందు ఇద్దరు కన్జర్వేటివ్ మంత్రులు ప్రెస్‌మీట్ పెట్టి, 'అనాగరిక ఆచారాల' మీద ఫిర్యాదులు తీసుకోవడానికి ఒక ఫోన్ లైన్ పెడతామన్నారు. అంటే పక్కింటివాళ్ళ మీద ఫోన్ చేసి చెప్పడం. బొట్టు పెట్టుకుని, చీర కట్టుకుని వ్రతాలకీ గృహప్రవేశాలకీ భోజనాలు పట్టుకెళ్ళే నాకు ఆ మాట విని ఒళ్ళు మండింది. ట్రూడోకి 184 సీట్లు వచ్చిన రాత్రి మా ఇంట్లో సేమ్యా పాయసం చేశాను. మరుసటి ఏడాది జూలై నుంచి కొత్త చైల్డ్ బెనిఫిట్ వచ్చింది. ఆరేళ్ళు దాటిన ఒక్కో పిల్లకి ఏడాదికి 5,400 డాలర్ల దాకా, పన్ను లేకుండా. అంతకుముందు కన్జర్వేటివ్‌లు ఆ వయసు పిల్లలకి అందరికీ ఒకేలా ఇచ్చింది నెలకి 60 డాలర్లు, అది కూడా పన్ను పడే డబ్బు. అలాంటి మంచి పనిని కూడా అప్పులు పెరుగుతాయంటూ తప్పుపట్టినప్పుడు వాళ్ళు నాకు నచ్చలేదు. అప్పుల సంగతిలో వాళ్ళ మాటే నిజమైంది, అది వేరే విషయం. బడ్జెట్ లోటు 10 బిలియన్ డాలర్లు దాటదని చెప్పి గెలిచిన లిబరల్స్ మొదటి బడ్జెట్‌లోనే 29 బిలియన్ల పైన చూపించారు.

ఇక మా సంగతి. మా ఆయన ఇండియాలో మెకానికల్ ఇంజనీరు. ఇక్కడికి వచ్చాక మూడేళ్ళు గోడౌన్‌లో పెట్టెలు మోశారు. 2011లో టొరంటో పక్కన మిస్సిసాగాలో ఒక కిచెన్‌లో కొంత భాగం అద్దెకి తీసుకుని క్యాటరింగ్ మొదలుపెట్టాం. ఇడ్లీ పిండి డబ్బాలు, పులిహోర, గుత్తి వంకాయ, వారాంతాల్లో ఫంక్షన్ల ఆర్డర్లు. కంపెనీ రిజిస్టర్ చేసినప్పుడు షేర్లు చెరి సగం రాయించారు. అది నేను అడిగి తీసుకున్నది కాదు, ఆయనే "ఇద్దరం చేస్తున్నాం, ఇద్దరి పేరూ ఉండాలి" అన్నారు. ఏడాది చివర మిగిలిన లాభం డివిడెండ్‌గా ఇద్దరికీ వచ్చేది. ఎవరి వాటా మీద వాళ్ళం, తక్కువ రేటులో, పన్ను కట్టేవాళ్ళం.

2017 జూలై 18న ఆర్థిక మంత్రి బిల్ మోర్నో చిన్న కంపెనీల పన్నుల్లో మూడు మార్పులు ప్రతిపాదించారు. అభిప్రాయాలు చెప్పడానికి 75 రోజులు టైమ్, అక్టోబర్ 2 ఆఖరు. ఎండాకాలం అంతా పెళ్ళిళ్ళూ ఆర్డర్లూ ఉన్న టైమ్‌లో, రైతులు పొలాల్లో ఉన్న టైమ్‌లో. మూడింటిలో మొదటిది మా మెడకి చుట్టుకుంది. కంపెనీ లాభాన్ని ఇంట్లోవాళ్ళకి పంచితే, ఆ మనిషి చేసిన పనికీ పెట్టిన పెట్టుబడికీ ఆ డబ్బు సబబేనా అని చూస్తారు. సబబు కాదని తేలితే మొదటి డాలర్ నుంచే అన్నిటికంటే పై రేటు పన్ను వేస్తారు. ఎంతైతే సబబు? ఆ కాగితాల్లో ఎక్కడా లేదు. ప్రభుత్వం వాడిన మాట 'లూప్‌హోల్', అంటే పన్ను తప్పించుకునే సందు. 2015 ప్రచారంలోనే ట్రూడో, చిన్న వ్యాపారాల్లో చాలా వాటిని డబ్బున్నవాళ్ళు పన్ను తగ్గించుకోవడానికి పెట్టుకుంటారని ఒక టీవీ ఇంటర్వ్యూలో అన్నారు. అప్పుడు నేను దాన్ని పట్టించుకోలేదు. పట్టించుకోవాల్సింది.

ఆగస్టులో మా అకౌంటెంట్ ఫోన్ చేశాడు. ఫోన్ స్పీకర్‌లో పెట్టి గట్టు మీద ఉంచారు మా ఆయన. "మీ మిసెస్ నిజంగా పని చేస్తారని చూపించడానికి ఏమైనా రుజువుందా?" అని అడిగాడు. నేను పక్కనే గ్రైండర్‌లోంచి పిండి తీస్తున్నాను. మోచేతి దాకా మినప్పిండి. ఆరేళ్ళుగా ఇన్‌వాయిస్‌లు రాసింది నేను, హెచ్‌ఎస్‌టీ (అమ్మకం పన్ను) లెక్కలు కట్టింది నేను, అతనికి ఏటా కాగితాలన్నీ సర్ది పంపింది నేను. అయినా ప్రశ్న నన్ను అడగలేదు, నా గురించి ఆయన్ని అడిగాడు. అతని తప్పు కూడా కాదేమో, చట్టం అలా అడగబోతోంది కాబట్టి అతనూ అలాగే అడిగాడు.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మర్నాడు గోడ మీద తెలుగు క్యాలెండర్ తీసుకున్నాను, తిథి, వర్జ్యం, రాహుకాలం ఉండే గళ్ళ క్యాలెండర్. ఒక్కో రోజు గడిలో సన్న పెన్నుతో రాయడం మొదలుపెట్టాను. పిండి 2. కూరగాయలు 1½. ఫోన్లు 1. ప్యాకింగ్ 2. గిన్నెలు 1. కింద గీత గీసి మొత్తం. ఏకాదశి గడిలో 6 ఉంది, ఎందుకంటే ఆ రోజు ఉపవాసం వాళ్ళకి వేరే వంట. శనివారాల్లో 11, 12. ఆరు వారాలు రాశాను.

సెప్టెంబర్‌లో ఒక కన్జర్వేటివ్ ఎంపీ ఈ విషయం మీద మీటింగ్ పెడుతున్నారని తెలిసింది. మా మిస్సిసాగాలో, బ్రాంప్టన్‌లో అప్పుడు అన్నీ లిబరల్ సీట్లే, కాబట్టి ఊరు దాటి గంటకి పైగా డ్రైవ్ చేసి వెళ్ళాలి. మా ఆయనకి ఆర్డర్ డెలివరీ ఉంది. నేనొక్కదాన్నే వెళ్ళాను. దారంతా మొక్కజొన్న చేలు. హాల్లో నూట యాభై మంది దాకా ఉంటారు, చాలామంది రైతులు, టోపీలు తీసి మోకాళ్ళ మీద పెట్టుకుని కూర్చున్నారు. మన రంగు మనుషులం నలుగురం. ఫోన్ లైన్ పెడతామన్న పార్టీ మీటింగ్‌లో నేనేం చేస్తున్నానని లోపల పీకుతూనే ఉంది.

ముందు ఇద్దరు డాక్టర్లు మాట్లాడారు. ఒక రైతు తన పొలాన్ని కొడుక్కి అమ్మితే బయటివాడికి అమ్మినదానికంటే ఎక్కువ పన్ను పడుతుందని చెప్పాడు. తర్వాత మైకు నా దగ్గరికి వచ్చింది. టెన్షన్‌తో గొంతు ఎండిపోయింది. నేను క్యాలెండర్ పైకి ఎత్తి పట్టుకుని, తెనాలిలో మా నాన్న కిరాణా కొట్టు సంగతి చెప్పాను. బోర్డు మీద నాన్న పేరు. గల్లాపెట్టె దగ్గర అమ్మ. అరువు ఖాతా అమ్మ నోట్లో ఉండేది, పుస్తకం చూడకుండా ఎవరు ఎంత బాకీనో చెప్పేది. అయినా ఎవరైనా అడిగితే మా అమ్మ "నేను ఇంట్లోనే ఉంటానమ్మా" అనేది. మా ఇంట్లో మొదటిసారి ఒక ఆడమనిషి పేరు కంపెనీ కాగితం మీద ఎక్కింది, దాన్ని ఈ ప్రభుత్వం లూప్‌హోల్ అంటోంది అన్నాను. ఇంకేదో చెప్పాలనుకున్నాను, ఏడుపొచ్చి కూర్చున్నాను.

మీటింగ్ అయ్యాక ఒక పెద్దావిడ వచ్చింది. డెబ్బై దాటి ఉంటుంది, పాడి రైతు భార్య. క్యాలెండర్ చూపించమంది. ఇదేం లిపి అని అడిగి, గళ్ళ మీద వేలు పెట్టి అడ్డంగా జరుపుతూ అంకెలు చదివింది: ఫైవ్, సిక్స్, ఫోర్, ఎలెవెన్. అక్షరం ముక్క తెలియకపోయినా ఆవిడకి అంతా అర్థమైంది. తెల్లవారుజామున నాలుగున్నరకి పాలు పితకడానికి లేస్తానని, యాభై ఏళ్ళలో ఎవరూ గంటలు అడగలేదని, తను ఎక్కడా రాసుకోలేదని చెప్పింది. నా చెయ్యి పట్టుకుని కాసేపు వదల్లేదు.

నేను చెప్పదలుచుకున్నది ఇదే. డాక్టర్లూ లాయర్లూ లాభాన్ని ఇంట్లోవాళ్ళకి పంచే ఆ పద్ధతితో చాలా పన్ను మిగుల్చుకునేవాళ్ళు, నిజమే. వాళ్ళని పట్టుకోవాలంటే పట్టుకోండి. ఎలుక మీద కోపంతో ఇంటికి నిప్పు పెడతారా? కన్జర్వేటివ్‌లు అప్పుడు పోరాడింది ఇంటిల్లిపాదీ కష్టపడి నడిపే వ్యాపారం కోసం. కుటుంబానికి తన డబ్బు ఎలా వాడుకోవాలో తెలుసు అన్న నమ్మకం వాళ్ళకి ఉంది, లిబరల్స్‌కి లేదు. ఇది ఇప్పటిది కాదు. 2005లో కన్జర్వేటివ్‌లు పిల్లల పెంపకానికి తల్లిదండ్రుల చేతికే డబ్బు ఇస్తామంటే, అప్పటి లిబరల్ ప్రధాని పాల్ మార్టిన్ దగ్గర పనిచేసే అధికారి ఒకాయన, ఆ డబ్బుతో వాళ్ళు బీరూ పాప్‌కార్నూ కొనుక్కుంటారని టీవీలో అని, తర్వాత క్షమాపణ చెప్పాడు. చైల్డ్ బెనిఫిట్ ఇచ్చింది లిబరల్సే కదా అంటారు. ఇచ్చారు, నేను తీసుకున్నాను. ఆ డబ్బు వాళ్ళు ఇచ్చేది. డివిడెండ్ మేం సంపాదించుకునేది. రెండూ ఒకటి కాదు.

మన తెలుగువాళ్ళ మీద ఒక బాధ ఉంది నాకు. ఆ నెలలోనే ఒక పుట్టినరోజు పార్టీలో ఈ మాట ఎత్తితే, ఒకాయన "మీరు ఇక్కడ కన్జర్వేటివ్ అంటే అక్కడ బీజేపీ అన్నమాట" అన్నాడు. ఇంకొకాయన వెంటనే ఆంధ్రా రాజకీయాల్లోకి లాక్కెళ్ళాడు. గంటసేపు అదే. ఆ గదిలో కనీసం నలుగురికి సొంత కంపెనీలున్నాయి, నలుగురి భార్యలూ షేర్‌హోల్డర్లు. ఆ నలుగురు ఆడవాళ్ళూ ప్లేట్లు సర్దుతున్నారు. ఇక్కడ పన్ను కడుతూ, ఇక్కడి చట్టం మన ఇంట్లోకి వస్తుంటే అది మాట్లాడుకోరు. మనవాళ్ళు కన్జర్వేటివ్‌ల వెనక చేరారంటే, గుడి దగ్గరో గ్రోసరీ దగ్గరో ఆడవాళ్ళు ఒకరికొకరు చెప్పుకోవడం వల్లే చేరారని నా నమ్మకం.

తర్వాత ఏమైందో చెప్తాను. ప్రభుత్వానికి 21,000 పైగా ఉత్తరాలు వెళ్ళాయి, ఒకటి నాది. పార్లమెంటులో అప్పుడు కన్జర్వేటివ్‌ల తరఫున ఆర్థిక వ్యవహారాలు చూసిన పియర్ పోలియేవ్ రోజూ మోర్నోని నిలదీశాడు. సంప్రదింపులు పొడిగించాలని కన్జర్వేటివ్‌లు తీర్మానం పెడితే వేన్ లాంగ్ అనే లిబరల్ ఎంపీ కూడా దానికి ఓటేశాడు. అక్టోబర్ 16న ట్రూడో, మోర్నో స్టఫ్‌విల్‌లో ఒక ఇటాలియన్ రెస్టారెంట్‌కి వెళ్ళి, చిన్న వ్యాపారాల పన్ను 2019కల్లా 9 శాతానికి తగ్గిస్తామని ప్రకటించారు. అది 2015లోనే ఇచ్చిన మాట, 10.5 దగ్గర ఆపేసి కూర్చున్నారు. అదే వారం, పొలం పిల్లలకి ఇవ్వడానికి అడ్డొచ్చే మార్పుని కూడా వదిలేశారు. ప్రతిపక్షం లేకపోతే ఇందులో ఒక్కటీ జరిగేది కాదు. పెట్రోలు, గ్యాస్ లాంటి ఇంధనాల మీద లిబరల్స్ వేసిన కార్బన్ పన్ను మీద వాళ్ళు చేసిన గొడవ అంతా నాకు నచ్చలేదు కానీ, చివరికి 2025 ఏప్రిల్ 1 నుంచి మామూలు జనం మీద దాన్ని తీసేసింది కూడా ట్రూడో తర్వాత ప్రధాని అయిన కార్నీ లిబరల్ ప్రభుత్వమే కదా.

2017 డిసెంబర్ 13న కొత్త రూల్ స్పష్టం చేశారు. వారానికి సగటున 20 గంటలు పని చేసినట్టు చూపిస్తే ఆ పై రేటు పన్ను పడదు. అకౌంటెంట్ ఈసారి నాకే ఫోన్ చేశాడు. క్యాలెండర్ ఫొటోలు పంపించాను. నా సగటు 43.

కానీ మా పక్క వీధిలో ఒకమ్మాయి ఉంది. భర్త లారీ తోలతాడు, వారంలో నాలుగు రోజులు అమెరికా రూట్లో ఉంటాడు. ఇద్దరు చిన్నపిల్లలు. లోడ్ల కాగితాలు, బిల్లులు, ఇన్సూరెన్స్, రిపేర్ షాపుతో ఫోన్లు, అన్నీ ఆ పిల్లే చూస్తుంది. లెక్క రాస్తే వారానికి 12, 13 గంటలు వస్తోంది. అంటే ఆమె వాటా ఎంతైతే సబబో ప్రతి ఏడూ రుజువు చేసుకోవాలి. పిల్లల్ని చూసుకుంటూ అతన్ని రోడ్డు మీద ఉండనిచ్చే మిగతా గంటలు ఏ గడిలో రాయాలక్కా అని అడిగింది. నా పాత క్యాలెండర్ ముందు పెట్టుకుని ఇద్దరం చాలాసేపు కూర్చున్నాం.