కరివేపాకు చెట్టును చలి నుంచి కాపాడడానికి 6,800 డాలర్ల సోలారా?

ప్రశ్న: న్యూజెర్సీలోని ఎడిసన్‌లో ఉంటున్నాం. పెరట్లో 8 అడుగుల వెడల్పు, 10 అడుగుల పొడవుతో చిన్న గ్రీన్‌హౌస్ కట్టుకున్నాం. షీట్లు 6 మిల్లీమీటర్ల రెండు పొరల పాలీకార్బొనేట్. పెద్ద కుండీల్లో రెండు కరివేపాకు చెట్లు, మల్లె, మందారం ఉన్నాయి. ఇంటి నుంచి 60 అడుగులు కరెంటు లాగడానికి ఎలక్ట్రీషియన్ 1,400 డాలర్లు అడిగాడు. దాని బదులు గ్రిడ్‌తో సంబంధం లేని సోలార్ పెట్టుకుంటే బిల్లే ఉండదంటూ ఒక కంపెనీ వాళ్ళు 6,800 డాలర్లకు కొటేషన్ ఇచ్చారు. అందులో 400 వాట్ల ప్యానెళ్ళు నాలుగు, 10 యూనిట్ల లిథియం బ్యాటరీ, 3,000 వాట్ల ఇన్వర్టర్, 1,500 వాట్ల హీటర్ ఉన్నాయి. 18 నెలలు వడ్డీ లేదట, 30 శాతం టాక్స్ క్రెడిట్ కూడా వస్తుందట. బ్యాంకులో 14,000 డాలర్లు ఉన్నాయి. నెల ఖర్చు 5,000. క్రెడిట్ కార్డు మీద 24 శాతం వడ్డీతో 3,100 బాకీ ఉంది. నేను హెచ్1బీ మీద ఉన్నాను. కరెంటు అన్నీ కలిపి యూనిట్‌కి 22 సెంట్లు పడుతోంది. తీసుకోమంటారా?

జవాబు: వద్దండీ. డబ్బు సంగతి తర్వాత చూద్దాం, ముందు ఆ సామాను మీ మొక్కల్ని కాపాడలేదు. లెక్క ఇక్కడే వేస్తాను, కాగితం మీద మీరూ వేసి చూసుకోండి.

గోడలు 6 అడుగులు, మధ్యలో కప్పు 8 అడుగుల ఎత్తు అనుకుంటే మీ గ్రీన్‌హౌస్ షీట్ల విస్తీర్ణం దాదాపు 320 చదరపు అడుగులు. మీ షీట్ ఆర్-వాల్యూ, అంటే వేడిని ఎంత అడ్డుకుంటుందో చెప్పే అంకె, సుమారు 1.54. లోపల 45 డిగ్రీల ఫారెన్‌హీట్ నిలబెట్టాలనుకుందాం (కింద చెప్పే చలి డిగ్రీలన్నీ ఫారెన్‌హీట్‌లోనే; నీళ్ళు గడ్డకట్టేది 32 దగ్గర). కరివేపాకు ఆ చలిలో పెరగదు గానీ చావదు. జనవరి రాత్రి బయట సగటున 28 ఉంటే తేడా 17 డిగ్రీలు. 320ని 17తో గుణించి 1.54తో భాగిస్తే గంటకు 3,500 బీటీయూల (బీటీయూ అంటే వేడిని కొలిచే కొలత) వేడి షీట్ల గుండా పోతున్నట్టు. తలుపు సందులు, వెంట్ (గాలి కిటికీ) అంచుల నుంచి పోయే గాలికి ఇంకో 400 కలపండి. బీటీయూల్ని 3.41తో భాగిస్తే వాట్లు వస్తాయి: దాదాపు 1,150. పద్నాలుగు గంటల రాత్రికి 16 యూనిట్లు. ఇది మామూలు రాత్రి సంగతి.

ఇప్పుడు ప్యానెళ్ళు ఎంతిస్తాయో చూద్దాం. డిసెంబర్‌లో మీ దగ్గర, దక్షిణానికి బాగా వాల్చి పెట్టినా, నిండు ఎండతో సమానమైన గంటలు రోజుకి సుమారు 3. 1.6 కిలోవాట్ల ప్యానెళ్ళు, కంట్రోలర్, బ్యాటరీ, ఇన్వర్టర్ నష్టాలన్నీ పోగా చేతికొచ్చేది 3.7 యూనిట్లు. కావలసింది 16. అందులోనూ 3,000 వాట్ల ఇన్వర్టర్ ఏ పనీ లేకుండా ఊరికే ఆన్‌లో ఉన్నా 40 వాట్ల దాకా తాగుతుంది. రోజంతా అలా వదిలేస్తే అదొక్కటే ఒక యూనిట్. మీ పంటలో నాలుగో వంతు పందికొక్కు తిన్నట్టే.

10 యూనిట్ల బ్యాటరీ ఉంది కదా అంటారా? దాంట్లోంచి హీటర్‌కి అందేది ఎనిమిది చిల్లర. 1,500 వాట్ల హీటర్ ఆగకుండా తిరిగితే ఐదున్నర గంటలు. సాయంత్రం ఆరింటికి నిండుగా ఉన్న బ్యాటరీ రాత్రి పదకొండున్నరకి ఖాళీ. చలి ముదిరేది తెల్లవారుజామున. ఖాళీ అయిన బ్యాటరీ మళ్ళీ నిండాలంటే మంచి ఎండ రోజులు మూడు కావాలి. వరసగా నాలుగు రోజులు మబ్బేస్తే ఇక చెప్పేదేముంది.

బయట 10 డిగ్రీలకు పడిపోయిన రాత్రి ఇదే లెక్క గంటకు 8,000 బీటీయూలవుతుంది. 1,500 వాట్ల హీటర్ ఇచ్చేది 5,120. అంటే కరెంటు ఎక్కడి నుంచి వచ్చినా, ఆ హీటర్ ఒళ్ళు హూనం చేసుకున్నా లోపల 32 దగ్గరే ఆగుతుంది. ఈ ఒక్క మాటా కొటేషన్ ఇచ్చినవాళ్ళు చెప్పి ఉండాల్సింది. ఇంకొకటీ చెప్పి ఉండరు: లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీని 32 డిగ్రీల కింద చార్జ్ చేయకూడదు, సెల్స్ పాడవుతాయి. మంచి బ్యాటరీలో ఉండే రక్షణ సర్క్యూట్ అప్పుడు చార్జింగ్‌ని ఆపేస్తుంది. సరిగ్గా మీకు అవసరమైన రోజునే, ఎండ కాస్తున్నా ఎక్కదు. తనను తాను వెచ్చబెట్టుకునే రకం ఉంది గానీ ఆ వెచ్చదనానికీ అదే బ్యాటరీ కరెంటు ఇవ్వాలి. పోనీ గ్రీన్‌హౌస్ లోపల పెడదామంటే తేమకు టెర్మినళ్ళు చిలుం పడతాయి.

మనూళ్ళో పాలీహౌస్ వేసినవాళ్ళు లోపలి వేడిని బయటికి పంపలేక తంటాలు పడతారు. మీ అవస్థ తల్లకిందులు. పగలు ఎండ ఉన్నంతసేపూ మీ గ్రీన్‌హౌసే పెద్ద సోలార్ హీటర్. జనవరిలో కూడా ఎండరోజు మధ్యాహ్నం వెంట్ తెరవాల్సి వస్తుంది. లోటంతా రాత్రిది. రాత్రికి కరెంటు దాచాలంటే బ్యాటరీ, అన్నిటికంటే ఖరీదైనది అదే. నిజంగా 16 యూనిట్లు సోలార్‌తోనే తెచ్చుకోవాలంటే 7 కిలోవాట్ల ప్యానెళ్ళు, రెండు మబ్బు రోజులకు సరిపడా 35 యూనిట్ల బ్యాటరీ కావాలి. అది రెండు కరివేపాకు చెట్లకు పెట్టే ఖర్చు కాదు.

ఇక డబ్బు. గ్రిడ్ కరెంటుతో ఇప్పుడున్న గ్రీన్‌హౌస్‌ని ఇలాగే కాచితే నవంబర్ నుంచి మార్చి దాకా సుమారు 1,600 యూనిట్లు, అంటే 350 డాలర్లు. ఆ 6,800 డాలర్ల సామాను ఇందులో మిగిల్చేది ఏడాదికి 100 డాలర్లు కూడా దాటదు. గ్రిడ్‌తో కలపలేదు కాబట్టి ఎండాకాలంలో పుట్టే కరెంటును అమ్ముకోలేరు, ఇంటికి వాడుకోలేరు. పెట్టుబడి తిరిగి రావడానికి 68 ఏళ్ళు. బ్యాటరీ బతికేది పది పదిహేనేళ్ళు. 2025 జూన్‌లో న్యూజెర్సీలో కరెంటు రేట్లు కంపెనీని బట్టి 17 నుంచి 20 శాతం పెరిగాయి, ఇంకా పెరగొచ్చు. యూనిట్ 44 సెంట్లయినా 34 ఏళ్ళు పడుతుంది.

టాక్స్ క్రెడిట్ మాట మర్చిపోండి. ఇళ్ళకు సొంతంగా పెట్టుకునే సోలార్‌కి, బ్యాటరీకి ఉన్న 30 శాతం ఫెడరల్ క్రెడిట్‌ని 2025 జులై 4న సంతకమైన చట్టం 2025 డిసెంబర్ 31తో ముగించింది. డబ్బు ఎప్పుడు కట్టారన్నది కూడా కాదు, బిగింపు పూర్తయిన తేదీనే చూస్తారు. 2026లో అమ్ముతూ ఇంకా ఆ మాట చెప్తున్నారంటే తెలియక చెప్తున్నారో తెలిసి చెప్తున్నారో మీరే తేల్చుకోండి. 2,040 డాలర్లు వెనక్కొస్తాయని నమ్మి సంతకం పెట్టకండి.

‘18 నెలలు వడ్డీ లేదు’ అన్నదాన్ని ఒప్పందంలో వేలు పెట్టి చదవండి. రెండు రకాలుంటాయి. మొదటిది నిజంగానే సున్నా వడ్డీ. గడువు తర్వాత మిగిలినదాని మీదే వడ్డీ పడుతుంది. రెండోది ‘డిఫర్డ్ ఇంటరెస్ట్’. ఇందులో వడ్డీ మొదటి రోజు నుంచీ లోలోపల పేరుకుంటుంది, గడువు రోజుకి పది డాలర్లు మిగిలినా మొత్తం మీద పడుతుంది. నెలకి 300 చొప్పున కడితే 18 నెలలకు 5,400 తీరి 1,400 మిగులుతుంది. రేటు 29.99 శాతం అనుకోండి, వెనకటి వడ్డీ 1,800 డాలర్లకు పైనే. పూర్తిగా తీరాలంటే నెలకి 378 కట్టాలి.

ఆ 378 కట్టగలిగితే దాన్ని నేరుగా క్రెడిట్ కార్డుకి కట్టండి. మీ ఉత్తరంలో నన్ను ఆపింది సోలార్ కంటే ఆ 3,100 బాకీ. 24 శాతం అంటే ఏడాదికి 744 డాలర్ల వడ్డీ, గ్రీన్‌హౌస్ కాచే ఖర్చుకి రెండింతలు. నెలకి 378 కడితే తొమ్మిది నెలలకు దాదాపు తీరిపోతుంది. బ్యాంకులోని 14,000 మూడు నెలల ఖర్చుకి కూడా చాలదు. హెచ్1బీ మీద ఉన్నవాళ్ళకు ఉద్యోగం పోతే దేశంలో ఉండి కొత్తది వెతుక్కోవడానికి దొరికేది గరిష్ఠంగా 60 రోజులు. కాబట్టి ఆ డబ్బుని ముట్టుకోకండి.

మరి మొక్కలో? ఈ చలికాలానికి కుండీల్ని ఇంట్లోకి తెచ్చుకోండి. దక్షిణం కిటికీ దగ్గర కరివేపాకు, మల్లె. చోటు చాలకపోతే కరివేపాకుని ఇంటిని ఆనుకున్న గరాజ్‌లో, గడ్డకట్టనంత వెచ్చగా ఉంటే, పెట్టొచ్చు. ఆకు రాలుస్తుంది, కంగారుపడి నీళ్ళు పొయ్యకండి. చలిలో తడిసిన వేరు కుళ్ళి చచ్చే చెట్లే ఎక్కువ. పైన రెండంగుళాలు ఎండాకే కొద్దిగా పోయండి.

కార్డు తీరాక వచ్చే ఏడాది ఎలక్ట్రీషియన్‌నే పిలవండి. కాలువ మేం తవ్వుకుంటామంటే 1,400లో కొంత తగ్గిస్తాడేమో అడగండి. తవ్వే ముందు 811కి ఫోన్ చేస్తే గ్యాస్, కేబుల్ లైన్లు ఎక్కడున్నాయో ఉచితంగా గుర్తులు పెట్టి వెళ్తారు. భూమిలో నేరుగా పాతే యూఎఫ్ కేబుల్‌కి మామూలుగా 24 అంగుళాల లోతు ఉండాలి. 120 వోల్టులు, 20 ఆంప్స్, జీఎఫ్‌సీఐ (షాక్ కొట్టకుండా కరెంటును ఆపేసే) రక్షణ ఉన్న సర్క్యూట్ అయితే 12 అంగుళాలు చాలు, సగం చాకిరీ తప్పుతుంది. 60 అడుగులకు 12 గేజ్ వైరు సరిపోతుంది, 100 అడుగులు దాటితే ఇంకా లావుగా ఉండే 10 గేజ్ వేయించండి. 15 ఆంప్స్ సర్క్యూట్ మాత్రం వద్దు. 1,500 వాట్ల హీటర్ 12.5 ఆంప్స్ లాగుతుంది, గంటల తరబడి తిరిగే లోడ్‌కి అది చాలదు. పర్మిట్ తీసుకోమనండి. ఎక్స్‌టెన్షన్ కార్డ్‌తో నెట్టుకొద్దామని మాత్రం అనుకోకండి; సన్న వైరు ప్లగ్గు దగ్గర కరిగి అంటుకుంటుంది.

కరెంటు కంటే ముందు వేడి పోయే దారి మూయాలి. గ్రీన్‌హౌస్ మొత్తాన్ని కాచడం మానేయండి. ఉత్తరం గోడవైపు మూలలో 4 అడుగులకు 6 అడుగులు, 5 అడుగుల ఎత్తుతో పీవీసీ పైపులతో చట్రం కట్టి, పెద్ద బుడగల బబుల్ రాప్‌ని రెండు పొరలుగా చుట్టండి. కుండీలన్నీ ఆ గుడారంలోకి. ఉత్తరం గోడకి లోపలివైపు అంగుళం మందం ఫోమ్ బోర్డు బిగించండి, చలికాలంలో అటునుంచి మీకు వెలుతురు పెద్దగా రాదు. తలుపు సందులకు రబ్బరు పట్టీ. ఈ పనికి 250 డాలర్లు మించవు, వేడి నష్టం సగానికి పైగా తగ్గుతుంది. 16 యూనిట్ల రాత్రి 6 లేక 7కి దిగుతుంది. చలికాలం మొత్తానికి 140, 150 డాలర్లు. పది డిగ్రీల రాత్రి కూడా అదే 1,500 వాట్ల హీటర్ సరిపోతుంది. తెల్లవార్లూ మూసి ఉంచినా ఎండ ఉన్న మధ్యాహ్నం ఒక పక్క ఎత్తి గాలి ఆడనివ్వండి, లేకపోతే ఆకులకు బూజు పడుతుంది.

నీళ్ళ డ్రమ్ముల గురించి చాలా చోట్ల చదివే ఉంటారు. 55 గ్యాలన్ల డ్రమ్ములో 458 పౌండ్ల నీళ్ళు పడతాయి. 10 డిగ్రీలు చల్లారితే 4,580 బీటీయూలు, అంటే 1.3 యూనిట్లు. పాత డ్రమ్ము ధరకి అంత వేడి దాచుకోవడం చవకే. కానీ ఎండ కాస్తేనే అది వేడెక్కుతుంది. మూడు రోజులు మబ్బేస్తే చల్లటి డ్రమ్ము కూర్చుని ఉంటుంది, నాలుగు చదరపు అడుగులు తినేస్తుంది కూడా. ఒకటి చాలు.

హీటర్ కొనేటప్పుడు ఖరీదు చూసి మోసపోకండి. ఇన్‌ఫ్రారెడ్ అన్నా, సెరామిక్ అన్నా, ఒక యూనిట్ కరెంటుకి అన్నీ ఇచ్చేది 3,412 బీటీయూలే. చూడాల్సింది బటన్లు. డిజిటల్ బటన్ల హీటర్లలో చాలావరకు కరెంటు పోయి వస్తే మళ్ళీ వాటంతట అవి మొదలవవు. రాత్రి రెండింటికి ఐదు నిమిషాలు కరెంటు పోతే తెల్లారేసరికి చెట్టు నల్లబడుతుంది. గుండ్రటి నాబ్ తిప్పే మామూలు హీటర్ కొని, లోపల 45 కిందికి పోకుండా దానంతట అదే ఆన్, ఆఫ్ అయ్యే థర్మోస్టాట్ ప్లగ్గుకి తగిలించండి, ఆ ప్లగ్గు 15 ఆంప్స్ మోయగలదో లేదో చూసి. ఫోన్‌కి అలారం పంపే చిన్న థర్మామీటర్ ఒకటి. ప్రొపేన్ హీటర్ని కరెంటు పోయిన రాత్రికి మాత్రమే ఉంచుకోండి. 20 పౌండ్ల సిలిండర్‌లో 126 యూనిట్లతో సమానమైన వేడి ఉంటుంది, రీఫిల్ ధర వేసుకుంటే కరెంటు కన్నా పెద్ద చవకేం కాదు. పైగా సరిగా మండకపోతే ఎథిలీన్ అనే వాయువు వల్ల ఆకులు రాలతాయి, కార్బన్ మోనాక్సైడ్ మీకే ప్రమాదం.

సోలార్ మీద మోజు తీరకపోతే చిన్నగా మొదలుపెట్టండి: 200 వాట్ల ప్యానెళ్ళు రెండు, 12 వోల్టుల 100 ఆంపియర్-అవర్ బ్యాటరీ. డిసెంబర్‌లో రోజుకి 0.9 యూనిట్. పగలు చిన్న ఫ్యాను, రాత్రి కుండీల కింద వేళ్ళను వెచ్చబెట్టే 20 వాట్ల మ్యాట్లు రెండు పనిచేస్తాయి. మొక్కకి ముందు వెచ్చగా ఉండాల్సింది వేరు. ఊరవతల కరెంటు తీగ రాని తోట ఉన్నవాళ్ళకి నేను ఇదే చెప్తాను. ప్యానెళ్ళని గ్రీన్‌హౌస్ కప్పు మీద మాత్రం పెట్టకండి, మొక్కలకి రావాల్సిన ఎండని మీరే మింగినట్టవుతుంది.

కొటేషన్ ఇచ్చినవాళ్ళు మళ్ళీ ఫోన్ చేస్తారు. అప్పటికి, ప్యానెళ్ళు ఏ నెలలో ఎంత కరెంటిస్తాయో చూపే పీవీవాట్స్ అనే ప్రభుత్వ ఉచిత వెబ్‌సైట్‌లో మీ జిప్ కోడ్, 1.6 కిలోవాట్లు, 60 డిగ్రీల వాలు వేసి డిసెంబర్ వరస చూసి పెట్టుకోండి. వచ్చిన అంకెని 31తో భాగించి, బ్యాటరీ నష్టానికి పదో వంతు తీసేయండి. ఆ అంకె చెప్పి, మిగతా యూనిట్లు ఎక్కడి నుంచి తెస్తారో రాతపూర్వకంగా ఇమ్మనండి.