వేర్వేరు ట్యూనర్ కార్డులు ఒకే పీసీలో పెట్టొచ్చా?

డిష్ సిగ్నల్‌ని పీసీలోకి తీసుకునే డీవీబీ-ఎస్2 పీసీఐ కార్డు ఒకటుంది, ఇంకో కంపెనీ యూఎస్‌బీ ట్యూనర్ కూడా కొన్నా, రెండూ కలిపి ఫ్రీ డిష్ రికార్డింగ్‌కి వాడొచ్చా అని అడిగారు కదా, వాడొచ్చండీ, కంపెనీలు వేరైనా పర్లేదు, లైనక్స్‌లో రెండిటికీ డ్రైవర్ ఉంటే చాలు, టీవీహెడ్‌ఎండ్ అనే టీవీ రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో రెండూ ఒకే నెట్‌వర్క్‌కి (అంటే ఆ శాటిలైట్ ఛానళ్ల సెట్టింగ్‌కి) తగిలించేస్తే ఏది ఖాళీగా ఉంటే దాన్నే వాడుకుంటుంది. రీస్టార్ట్ చేస్తే ట్యూనర్లకి లైనక్స్ ఇచ్చే నంబర్లు, అడాప్టర్ 0, 1, తారుమారవ్వచ్చు, డ్రైవర్ ఆప్షన్లో నంబర్లు ఫిక్స్ చేసేయండి.

అసలు తిరకాసు డిష్ దగ్గర. ట్యూనర్ కేబుల్లో 13 వోల్టులు పంపితే ఎల్‌ఎన్‌బీ (డిష్ ముందు సిగ్నల్ అందుకునే భాగం) వెర్టికల్, అంటే నిలువు తరంగాల ఛానళ్లు ఇస్తుంది, 18 పంపితే హారిజాంటల్, అంటే అడ్డం, మరి ఒకే కేబుల్‌కి స్ప్లిటర్ పెట్టి రెండు ట్యూనర్లూ చెరోటి అడిగితే అదేం చేస్తుంది పాపం, ఒకదానికి సిగ్నల్ పోద్ది. రెండు అవుట్‌పుట్‌లుండే ట్విన్ ఎల్‌ఎన్‌బీ పెట్టి రెండు కేబుళ్లు లాగండి. డబ్బులు కట్టే డీటీహెచ్ ఛానళ్లు మాత్రం ఎన్‌క్రిప్ట్ అయ్యుంటాయి, ఆశ పెట్టుకోకండి.

ఇంకోటి, మన వైజాగ్ ఉప్పుగాలి. మాది పెదవాల్తేరు, మొన్న సిగ్నల్ రాక మేడెక్కి కనెక్టర్ విప్పితే లోపల రాగి తీగ పచ్చగా చిలుం పట్టి ఉంది, నేనేమో రెండ్రోజులు డ్రైవర్ని తిట్టుకుంటూ కూర్చున్నా.