ఫిబ్రవరి నుంచి ఉగాది దాకా: వొకేషనల్ చదువులపై మీ ప్రశ్నలు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఇంటర్ వొకేషనల్ కాలేజీల నుంచే. ఫిబ్రవరిలో ప్రాక్టికల్స్, వాటి వెనకే థియరీ, మధ్యలో వార్షికోత్సవం, ఆపైన ఉగాది స్టాళ్ళు. ఏడాది మొత్తంలో చేతి పని నలుగురి కంటా పడేది ఈ రోజుల్లోనే. ఆయా ట్రేడుల్లో పాఠం చెప్పేవాళ్ళు ఇచ్చిన జవాబులివి.

ప్రశ్న: మా ఎలక్ట్రికల్ గ్రూపు పిల్లలు వార్షికోత్సవానికి ఏటా థర్మకోల్ డ్యాములు, బజార్లో కొన్న వర్కింగ్ మోడళ్ళే పెడుతున్నారు. ఈసారి నలుగురికీ పనికొచ్చేది ఏదైనా చెప్పండి. (లెక్చరర్, ఒంగోలు)

సీలింగ్ ఫ్యాన్ల రిపేరు శిబిరం పెట్టండి. ఎండలు ముదిరే ముందు ఊళ్ళో ప్రతి ఇంట్లోనూ మూలనపడ్డ ఫ్యాను ఒకటి గుర్తొస్తుంది. కొన్న మోడల్ పనిచేస్తే పిల్లలకు వచ్చే పేరేమీ లేదు. పక్క వీధి ముసలమ్మ ఫ్యాను తిరిగితే ఆ పేరు వాళ్ళదే.

మూడు బల్లలు చాలు: ఒకటి నమోదుకు, ఒకటి పరీక్షకు, ఒకటి పనికి. నమోదు బల్ల దగ్గర చేయాల్సిన ముఖ్యమైన పని చాలామందికి తట్టదు. ఫ్యాను బాడీ మీదా, మూడు రెక్కల మీదా ఒకే నంబరు మార్కరుతో రాయాలి. రెక్కలను కంపెనీ తూకం చూసి సెట్టుగా ఇస్తుంది. పది ఫ్యాన్ల రెక్కలు ఒక మూల కుప్ప పోస్తే, సాయంత్రానికి మోటార్లన్నీ బాగుపడినా ఫ్యాన్లన్నీ ఊగుతూనే ఉంటాయి.

పరీక్షకు సిరీస్ బోర్డు, అంటే కరెంటు ఒక బల్బు గుండా వచ్చే పరీక్ష బోర్డు కావాలి. పాతకాలపు 100 వాట్ల ఫిలమెంట్ బల్బు సిరీస్‌లో పెట్టాలి, ఎల్‌ఈడీ పెడితే ఏమీ తెలియదు. వైండింగు (మోటారులోని రాగి తీగ చుట్ట) కొసలకు ఆనిస్తే బల్బు మసగ్గా వెలిగితే తీగ తెగలేదని అర్థం. పూర్తిగా వెలిగితే షార్టు, అసలు వెలగకపోతే తెగింది. తర్వాత ఒక ప్రోబు వైండింగుకు, ఒకటి పెయింటు గీకిన చోట బాడీకి ఆనించాలి. ఇక్కడ వెలిగితే బాడీ షార్టు, ఆ ఫ్యానును పక్కన పెట్టేయాలి. వెలగకపోయినంత మాత్రాన మంచిదని తేల్చకండి. 500 వోల్టుల మెగ్గర్‌తో (ఇన్సులేషన్ పరీక్షించే మీటరు) చూసి, కనీసం 1 మెగోమ్ (పది లక్షల ఓమ్స్) చూపిస్తేనే ఇంటికి పంపాలి. ఈ పరీక్ష జరుగుతున్నంతసేపూ ఫ్యాను చెక్కబల్ల మీదే ఉండాలి, బాడీని ఎవరూ ముట్టుకోకూడదు. బల్లకు కరెంటు 30 మిల్లీయాంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సప్లై ఆపేసే స్విచ్) మీదుగా రావాలి. మీరు పక్కన లేకుండా పిల్లలు ప్లగ్గు పెట్టకూడదు.

వచ్చే ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం ఫ్యానును బయల్దేరదీసే కండెన్సర్‌దే. చేత్తో తోస్తే తిరిగి, దానంతటది బయల్దేరకపోతే ముందు దాన్నే అనుమానించాలి. మామూలు సీలింగ్ ఫ్యానుకు 2.5 మైక్రోఫారడ్లు ఉంటుంది, కొన్నింటికి 3.15. దాని మీద రాసిందే వేయాలి. ‘పెద్దది వేస్తే స్పీడు’ అని బజార్లో చెప్పే మాట వినొద్దు, వైండింగు వేడెక్కి కాలుతుంది. మీటరు మీద 2.5ది 2 కంటే తక్కువ చూపిస్తే మార్చేయండి. ఫ్యాను నెమ్మదించడానికీ చాలాసార్లు అదే కారణం. ముట్టుకునే ముందు దాన్ని డిశ్చార్జ్ చేయడం పిల్లలకు అలవాటు కావాలి.

మోటారు నుంచి వచ్చే మూడు తీగల్లో ఏది ఏదో తెలియకపోతే రెండేసి తీగల మధ్య ఓమ్స్ కొలవండి. అన్నింటికంటే ఎక్కువ చూపించిన జత రన్నింగు, స్టార్టింగు వైండింగుల కొసలు. మిగిలిన మూడోది ఆ రెండింటికీ ఉమ్మడి కొస, అంటే కామన్. రన్నింగు, స్టార్టింగు తారుమారైతే ఫ్యాను తిరుగుతుంది, కానీ వెనక్కి. కింద నుంచి చూస్తే గడియారం ముల్లుకు ఎదురు దిశలో తిరగాలి, లేకపోతే గాలి కిందికి రాదు.

గరగర శబ్దం బేరింగులది. చాలా ఫ్యాన్లలో 6202, 6201 ఉంటాయి, అయినా పాతదాని మీద నంబరు చూసే కొనండి. ఊడదీయడానికి పుల్లర్ వాడాలి, సుత్తి కాదు. కొత్తది ఎక్కించేటప్పుడు దెబ్బ లోపలి రింగు మీదే పడాలి. బయటి రింగు మీద కొడితే గోళీలు నొక్కుకుపోయి, కొత్త బేరింగు వారంలోనే మళ్ళీ అరుస్తుంది.

బీఎల్‌డీసీ ఫ్యాన్లు (కరెంటు తక్కువ తాగే కొత్తరకం) తెస్తే తీసుకోకండి. వాటిలో ఈ కండెన్సర్ ఉండదు, సర్క్యూట్ బోర్డు ఉంటుంది, సిరీస్ బోర్డుకు అసలు ఆనించకూడదు. వాటిని పాత రెగ్యులేటర్ మీద నడపకూడదన్న సంగతి మాత్రం చెప్పి పంపండి.

తిరిగి ఇచ్చేటప్పుడు ఫ్యానును హుక్కుకు పట్టి ఉంచే షాకిల్ బోల్టు, కాటర్ పిన్ను, రబ్బరు రీలు చూసి ఇవ్వాలి. మార్చిన పాత సామాను కవర్లో వేసి యజమాని చేతికే ఇవ్వండి. సామానుకు కొన్న ధరే తీసుకోండి.

ప్రశ్న: స్టెయిర్‌కేస్ వైరింగులో (ఒకే లైటును రెండు చోట్ల నుంచి వేసి ఆపేది) నా బోర్డు మీద రెండు స్విచ్చులనూ ఎటు వేసినా నాలుగు రకాల్లో ఒక్కదానిలోనే లైటు వెలుగుతోంది. ప్రాక్టికల్ పదిరోజుల్లో ఉంది. (విద్యార్థి, నంద్యాల)

రెండు స్విచ్చుల్లో ఒకదానికి కామన్ (మిగతా రెంటికీ ఉమ్మడి టెర్మినల్) తప్పు పడింది. వైరింగు సరిగ్గా ఉంటే నాలుగు కలయికల్లో రెండింట్లో వెలగాలి. ఒక్కదానిలోనే వెలిగిందంటే ఒకచోట కామన్ టెర్మినల్‌కు ఫేజో, ల్యాంపు తీగో రావాల్సింది పోయి, రెండు స్విచ్చులను కలిపే నడిమి తీగ ఎక్కింది. ఏ స్విచ్చులో తప్పుందో బయటి నుంచి తేలదు, రెండింటివల్లా అదే లక్షణం కనిపిస్తుంది. సప్లై తీసేసి రెండూ విప్పాల్సిందే.

టూవే స్విచ్‌లో మధ్య టెర్మినలే కామన్ అని బట్టీ పట్టకండి, చాలావాటిలో అంతే గానీ అన్నింటిలో కాదు. మీటరు కంటిన్యుటీలో (రెండు కొసలు కలిశాయో లేదో చూపే సెట్టింగు) పెట్టి చూడండి. స్విచ్ ఎటు వేసినా మిగతా రెండింటిలో ఏదో ఒకదానితో కలిసే టెర్మినల్ కామన్. ఫేజు మొదటి స్విచ్ కామన్‌కు, రెండో స్విచ్ కామన్ నుంచి హోల్డర్‌కు, హోల్డర్ రెండో కొస న్యూట్రల్‌కు. మిగిలిన రెండేసి టెర్మినళ్ళను రెండు తీగలతో కలపాలి. ఈ రెండు తీగలు అటూ ఇటూ మారినా నష్టం లేదు.

ఎగ్జామినర్ కన్ను లైటు మీద కంటే కొసల మీద ఎక్కువ ఉంటుంది. ఇన్సులేషన్ 8 నుంచి 10 మిల్లీమీటర్లు తీస్తే చాలు. స్క్రూ బయట రాగి కనబడితే మార్కు పోయినట్టే. బ్లేడుతో గీరితే రాగి మీద గాటు పడి, స్క్రూ బిగించేటప్పుడు అక్కడే తెగుతుంది, స్ట్రిప్పర్ వాడండి. స్క్రూ కింద చుట్టే కొసను స్క్రూ బిగిసే దిశలోనే వంచాలి, ఎదురుగా వంచితే బిగించే కొద్దీ కొస బయటికి తోసుకొస్తుంది. లైటుకు 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ, ఫేజుకు ఎరుపు, న్యూట్రల్‌కు నలుపు, ఎర్తుకు ఆకుపచ్చ.

వైవాలో తరచూ అడిగేది ‘స్విచ్ ఫేజులోనే ఎందుకు?’ అని. ‘రూలు’ అంటే సరిపోదు. న్యూట్రల్‌లో పెడితే స్విచ్ ఆపినా హోల్డర్‌లో ఫేజు ఉంటుంది, బల్బు మార్చేవాడికి షాకు కొడుతుంది. ఎల్‌ఈడీ బల్బులైతే ఆపినా మిణుకుమంటూ ఉండొచ్చు. ఈ రెండు ముక్కలూ చెప్పండి.

ప్రశ్న: ఉగాది స్టాల్‌కు మా గార్మెంట్ గ్రూపు అమ్మాయిలు గుడ్డ సంచులు కుట్టాలనుకున్నారు. పోయినసారి ఉతికితే ముడుచుకున్నాయనీ, పట్టీలు ఊడాయనీ మాటపడ్డాం. గుడ్డ ఎంత కొనాలి? (ఇన్‌స్ట్రక్టర్, వరంగల్)

ముడుచుకోవడం కత్తెర పడక ముందే అయిపోవాలి. కాటన్ గుడ్డను కోయకుండా రాత్రంతా నీళ్ళలో నానబెట్టి, పిండకుండా నీడలో ఆరేసి, ఇస్త్రీ చేశాకే కొలతలు పెట్టండి. లెక్క కూడా ఆ తర్వాతి వెడల్పు మీదే వేయాలి. 44 అంగుళాల పన్నా (గుడ్డ వెడల్పు) తడిపి ఆరబెడితే 42కు దిగొచ్చు.

సంచి 14 అంగుళాల వెడల్పు, 16 అంగుళాల ఎత్తు అనుకుందాం. అడుగున కుట్టు వద్దు, మడతే అడుగు. వెడల్పు 14కు రెండు పక్కల అర అంగుళం చొప్పున కలిపితే 15. పొడవు 16 రెండుసార్లు 32, పై అంచు మడతకు ఒక్కో వైపు ఒకటింబావు అంగుళాలూ లోపలికి తిప్పడానికి అర అంగుళమూ కలిపితే 35.5 అంగుళాలు. 42 అంగుళాల పన్నాలో పక్కపక్కన రెండు ముక్కలు పడితే 30 పోయి 12 మిగులుతుంది. అందులోనే పట్టీలు రావాలి: సంచికి రెండు చొప్పున నాలుగు, ఒక్కోటి 22 అంగుళాల పొడవు. మూడేసి అంగుళాల వెడల్పు పెడితే గుడ్డ అంచు కూడా కలిసొస్తుంది, అందుకే 2.75తో ఆగండి. మీటరు గుడ్డకు రెండు సంచులు, పట్టీల పక్కన మిగిలిన ముక్కతో ఒక చిన్న జేబు. యాభై సంచులకు 25 మీటర్లు, చెడిపోయే వాటికి మరో మీటరు.

పట్టీలు ఊడింది ఒక్క వరస కుట్టు వల్లే. పట్టీ కొసను పై అంచు మడతలోకి అంగుళం దాకా దూర్చి, చుట్టూ నలుచదరంగా కుట్టి, మధ్యలో ఇంటూ గుర్తులా రెండు అడ్డకుట్లు వేయాలి. అక్కడ పొరలు ఎక్కువ కనుక 16 నంబరు సూది పెట్టండి. 11తో కుడితే సూది వంగి కుట్లు తప్పుతాయి. మిగతా సంచికి 14 చాలు. అంగుళానికి పది కుట్లు. అంతకంటే దగ్గరగా వేస్తే బలం పెరగదు, గుడ్డకు చిల్లులు పెరుగుతాయి.

గుడ్డ అడుగువైపు దారం ఉండలు కడుతుంటే అందరూ బాబిన్ కేసు విప్పుతారు. తప్పు ఉండేది పైన: పైదారం టెన్షన్ బిళ్ళల మధ్య పడలేదు, లేదా వదులుగా ఉంది. పాదం ఎత్తిపెట్టి మళ్ళీ దారం ఎక్కించండి, సగం మిషన్లు అక్కడే దారికొస్తాయి.

ప్రశ్న: క్రాప్ ప్రొడక్షన్ పిల్లలు నారు పెంచి అదే స్టాల్లో అమ్మాలంటే? (తెనాలి)

పండగ తేదీ నుంచి వెనక్కి లెక్కపెట్టండి. మిరపకు 35–40 రోజులు, టమాటాకు 25, బీర, సొరకు 12–15. మిరప, టమాటాకు 98 గుంటల ప్రోట్రే (నారు పోసే ప్లాస్టిక్ ట్రే), తీగజాతులకు 50 గుంటలది. 98 గుంటల ట్రేకు సుమారు కిలో పావు కొబ్బరి పొట్టు పడుతుంది. పొట్టులో ఉప్పు పోయేదాకా కడగాలి. విత్తాక ట్రేలు ఒకదాని మీద ఒకటి పేర్చి పాలిథిన్ కప్పుతారు కదా, మొలక కనబడిన రోజే విడదీయాలి. ఒక్కరోజు ఆలస్యమైనా కాడలు తెల్లగా సాగి పడిపోతాయి. నారుకుళ్ళు వచ్చేది నీళ్ళు ఎక్కువై. పొట్టును పిడికిట్లో పిండితే చుక్క కారకూడదు.

ప్రశ్న: మా అబ్బాయి వొకేషనల్ సెకండియర్. ఇంజినీరింగుకు దారి మూసుకుపోయినట్టేనా? (తల్లి, కరీంనగర్)

లేదమ్మా. బ్రిడ్జి కోర్సు (వొకేషనల్ పిల్లలు అదనంగా రాసే సబ్జెక్టులు) పరీక్ష రాసి పాసైతే ఇంజినీరింగు ప్రవేశ పరీక్ష ఈఏపీసెట్ రాయొచ్చు. ఆ ఫీజు గడువు మామూలు పరీక్షల హడావిడిలో చాలామంది మరచిపోతారు, కాలేజీ ఆఫీసులో ఇప్పుడే అడగండి. ముందు చేతికి పని రావాలనుకుంటే, ఫలితాలు వచ్చాక నాట్స్ (కేంద్రప్రభుత్వ అప్రెంటిస్ శిక్షణ పథకం) పోర్టల్‌లో పేరు నమోదు చేయించండి. 1961 అప్రెంటిస్ చట్టాన్ని 1986లో సవరించి వొకేషనల్ ఇంటర్ వాళ్ళనూ చేర్చారు, ఏడాది శిక్షణ, నెలనెలా స్టైపెండు. అక్కడ మొదట అడిగేది ఆన్ ది జాబ్ ట్రైనింగ్ డైరీ. ‘వర్క్‌షాపులో పని చేశాను’ అని రోజూ ఒకే వాక్యం రాసి ఉంటే దానికి విలువ లేదు. ఏ యంత్రం, ఏ లోపం, ఏం మార్చాడు, ఎంతసేపు పట్టింది అన్నది రాయమనండి.

ప్రశ్న: ఇండియాస్కిల్స్ పోటీకి ఎలక్ట్రికల్ ఇన్‌స్టలేషన్‌లో వెళ్ళాలని ఉంది. ఎలా తయారవ్వాలి? (విద్యార్థిని, విశాఖపట్నం)

ఇండియాస్కిల్స్ దేశస్థాయి వృత్తి నైపుణ్య పోటీ. అందులో నెగ్గినవాళ్ళే రెండేళ్ళకోసారి జరిగే అంతర్జాతీయ పోటీ వరల్డ్‌స్కిల్స్‌కు వెళ్తారు. 2024లో అది ఫ్రాన్సులోని లియాన్‌లో జరిగింది. ఎక్కువ ట్రేడులకు వయసు పరిమితి పోటీ ఏడాదికి 22, కనుక మీకు చాలినంత సమయం ఉంది.

కాలేజీ ప్రాక్టికల్‌కూ దీనికీ తేడా కొలతల్లో ఉంది. సర్క్యూట్ పనిచేయడం అక్కడ ఆరంభం మాత్రమే. పైపు లెవెల్‌లో ఉందా, బాక్సు గీత మీద ఉందా, వంపు నొక్కుకుపోయిందా అని చూస్తారు. అందుకే 20 మిల్లీమీటర్ల పీవీసీ పైపు వంచడంతో మొదలుపెట్టండి. వంపు పడే చోటికి బెండింగ్ స్ప్రింగు (పైపు నొక్కుకుపోకుండా లోపల పెట్టేది) చేరేలా లోపలికి దూర్చి, మోకాలి మీద ఆనించి మెల్లగా వంచాలి. వంపు వ్యాసార్ధం 75 మిల్లీమీటర్లకు తగ్గకూడదు. 90 డిగ్రీలు కావాలంటే కాస్త ఎక్కువే వంచండి, వదలగానే పైపు కొంత వెనక్కి వస్తుంది. స్ప్రింగు రాకపోతే గుంజకండి, చుట్టు బిగిసే వైపు తిప్పితే సన్నబడి జారి వస్తుంది. రోజుకు పది వంపులు వేసి, ప్రతిదాన్నీ మూలమట్టానికి పెట్టి, ఎంత తేడా వచ్చిందో ఆ పైపు మీదే రాయండి. గడియారం పెట్టుకుని పనిచేయడం తేడా తగ్గాకే.