ఫుట్‌బాల్ ప్రపంచకప్‌కు జట్లు ఎలా అర్హత సాధిస్తాయి? మంచి ర్యాంకు ఉంటే సరిపోదా?

భారత్ వందలోపు ర్యాంకులో ఉన్నప్పుడు కూడా 48 జట్ల ప్రపంచకప్‌కు ఎందుకు వెళ్లలేకపోయిందని మీరు అడిగారు. ర్యాంకు చూసి ఎవరినీ పిలవరు. ఆతిథ్య దేశాలకు తప్ప ఎవరికీ నేరుగా చోటు ఉండదు. కిందటిసారి కప్పు గెలిచిన జట్టు కూడా అర్హత పోటీలు ఆడి రావలసిందే. ఈ సంగతి నాకూ కొన్నేళ్ల క్రితం వరకు తెలియదు.

రాయచోటి నుంచి వచ్చి కువైట్‌లో పదకొండేళ్లుగా ఒక సంస్థలో లెక్కలు రాసుకుంటున్న నాకు క్రికెట్ తప్ప మరో ఆట మీద ధ్యాస ఉండేది కాదు. 2023 నవంబరు 16, గురువారం రాత్రి, మరునాడు ఎలాగూ సెలవే కదా అని గదిలో ఉండే మలయాళీ మిత్రుడు బలవంతం చేస్తే జాబర్ అల్ అహ్మద్ స్టేడియానికి వెళ్లి భారత్, కువైట్ మ్యాచ్ చూశాను. 75వ నిమిషంలో ఎడమవైపు నుంచి చాంగ్తే అందించిన బంతిని మన్‌వీర్ సింగ్ గోల్‌లోకి కొట్టగానే మా వెనుక వరుసలో ఎవరో అచ్చం మా ఊరి యాసలో "కొట్నాడ్రా!" అని అరిచారు. 1-0తో గెలిచాం. తిరిగి వస్తుంటే "ఇంకేముంది, ప్రపంచకప్ చేతికందినట్లే" అన్నాను. మిత్రుడు ఏమీ అనకుండా బకాలా (కిరాణా కొట్టు) ముందు కారు ఆపి, కొన్న సరుకుల రశీదు వెనుక నాలుగు పేర్లు రాశాడు: ఖతార్, భారత్, కువైట్, అఫ్గానిస్తాన్. ఆ రశీదు మీద నేర్చుకున్నదే ఇక్కడ చెబుతున్నాను.

మొత్తం 48 బెర్తులను ఫిఫా ఖండాలవారీగా ముందే పంచుతుంది. 2026 పోటీలకు ఐరోపాకు 16, ఆఫ్రికాకు 9, ఆసియాకు 8, దక్షిణ అమెరికాకు 6, ఓషియానియాకు 1 ఇచ్చారు. ఉత్తర, మధ్య అమెరికా ప్రాంతానికి ఆతిథ్య దేశాలైన అమెరికా, కెనడా, మెక్సికో కాక మరో 3 దక్కాయి. మిగిలిన రెండింటి కోసం ఐరోపా తప్ప మిగతా ఖండాల నుంచి వచ్చిన ఆరు జట్లు ప్లేఆఫ్ ఆడాలి. ఆసియాకు "ఎనిమిదిన్నర" బెర్తులు అని పత్రికల్లో చదివి ఉంటారు. ఆ అర అంటే ఈ ప్లేఆఫ్‌లో ఆడే అవకాశం మాత్రమే. 2022లో 32 జట్లే ఉన్నప్పుడు ఆసియా వాటా నాలుగున్నర కాబట్టి, ఈసారి దారి బాగా వెడల్పయిందనే చెప్పాలి.

బెర్తులను ఎలా తేల్చుకోవాలన్నది ఒక్కో ఖండం ఒక్కో తీరుగా నిర్ణయించుకుంటుంది. దక్షిణ అమెరికాలో పది జట్లే కనుక అందరూ అందరితో ఇంటా బయటా ఆడతారు, ఒక్కో జట్టుకు 18 మ్యాచ్‌లు. అంతకంటే న్యాయమైన పద్ధతి మరొకటి ఉండదని నా అభిప్రాయం. ఆసియాలో 46 జట్లు పోటీకి దిగడంతో మెట్లు పెట్టక తప్పలేదు. మొదటి మెట్టులో అట్టడుగు ర్యాంకుల 20 జట్లు రెండేసి మ్యాచ్‌లు ఆడితే పది మిగిలాయి. రెండో మెట్టులో 36 జట్లను నాలుగేసి చొప్పున తొమ్మిది గ్రూపులు చేశారు. రశీదు మీది నాలుగు పేర్లు అందులో మన గ్రూపే. ప్రతి గ్రూపులో మొదటి రెండు జట్లు ముందుకు వెళతాయి. మూడో మెట్టులో ఆ 18 జట్లు మూడు గ్రూపులుగా ఆడితే మొదటి రెండు స్థానాల్లో నిలిచిన ఆరు జట్లు నేరుగా ప్రపంచకప్‌కు వెళ్లాయి. జపాన్, ఇరాన్, దక్షిణ కొరియా, ఆస్ట్రేలియాలతో పాటు ఉజ్బెకిస్తాన్, జోర్డాన్ తొలిసారిగా అలా చేరినవే. మూడు, నాలుగు స్థానాల వారికి మరో అవకాశంగా పెట్టిన నాలుగో మెట్టు నుంచి ఖతార్, సౌదీ అరేబియా వెళ్లాయి.

ఇక ర్యాంకు సంగతి. గ్రూపుల కోసం డ్రా తీసేటప్పుడు బలమైన జట్లన్నీ ఒకేచోట పడకుండా జట్లను ర్యాంకుల వరుసలో నాలుగు పాట్‌లుగా, అంటే బుట్టలుగా, విడదీసి ఒక్కో బుట్ట నుంచి ఒక్కో జట్టును గ్రూపులో వేస్తారు. మొదటి మెట్టు ఎవరు ఆడాలో తేల్చడం, ఇలా డ్రాకు విడదీయడం, ర్యాంకు ఉపయోగం అంతవరకే. 2023 జూలైలో 99వ ర్యాంకులో ఉన్న భారత్ రెండో పాట్‌లో పడింది. అంటే కాగితం మీద మనం గ్రూపులో రెండో బలమైన జట్టు, వెళ్లాల్సిందీ రెండు జట్లే. అఫ్గానిస్తాన్ అయితే మొదటి మెట్టులో మంగోలియాను ఓడించుకుని వచ్చిన జట్టు.

గెలిస్తే 3 పాయింట్లు, సమమైతే 1, ఆరు మ్యాచ్‌లు, మూడు సొంతగడ్డ మీద. వినడానికి తేలికే. కువైట్‌లో గెలిచిన అయిదు రోజులకే భువనేశ్వర్‌లో ఖతార్ చేతిలో 0-3తో ఓడాం. ఖతార్ ఆసియా విజేత కాబట్టి దాన్ని ఎవరూ మనసుకు తీసుకోలేదు. అఫ్గానిస్తాన్ తన దేశంలో మ్యాచ్‌లు జరుపుకోలేని పరిస్థితిలో ఉంది కనుక వారి "సొంత" మ్యాచ్ సౌదీలోని అబహాలో జరిగింది, 0-0. తిరుగు మ్యాచ్ 2024 మార్చి 26న గువాహటిలో. అవి రంజాన్ రోజులు, మాకు ఆఫీసు తొందరగా ముగిసేది, గదిలో ఫోను గోడకు ఆనించి చూశాం. తన 150వ మ్యాచ్ ఆడుతున్న సునీల్ ఛెత్రి 38వ నిమిషంలో పెనాల్టీతో గోల్ చేశాడు. 70వ నిమిషంలో స్కోరు సమమైంది, 88వ నిమిషంలో వాళ్లకు పెనాల్టీ దొరికింది. 1-2. మిత్రుడు ఫోను తీసి బోర్లా పెట్టి, ఇఫ్తార్‌కు తెచ్చిన ఖర్జూరాల పొట్లం విప్పాడు.

జూన్ 6న కోల్‌కతాలో కువైట్‌తో 0-0. చివరి రోజుకు వచ్చేసరికి ఖతార్ 13 పాయింట్లతో గట్టెక్కింది. భారత్, అఫ్గానిస్తాన్‌లకు అయిదేసి, కువైట్‌కు 4. దోహాలో మనమే ముందు గోల్ చేశాం. 73వ నిమిషంలో గీత దాటి బయటకు పోయిన బంతిని ఖతార్ వాళ్లు లోపలికి లాగి కొట్టినా రిఫరీ గోల్ ఇచ్చారు, ఆ దశలో వీడియో పరిశీలన లేదు. చివరకు 1-2. అటు కువైట్ 1-0తో గెలిచి 7 పాయింట్లతో రెండో స్థానం పట్టుకుంది.

ఆ గోల్ వల్లే పోయిందని నేటికీ అనేవారున్నారు. అన్యాయం జరిగిన మాట నిజమే, అయితే లెక్క పూర్తిగా చూడాలి. ఆ గోల్ ఇవ్వకపోయినా తర్వాత ఖతార్ కొట్టిన గోల్ ఉండనే ఉంది. మ్యాచ్ 1-1 అయితే మనకు 6 పాయింట్లు, కువైట్‌కు 7. గువాహటిలో ఆ 1-0 ఆధిక్యాన్ని నిలుపుకుని ఉంటే దోహాలో ఓడినా 8 పాయింట్లతో మనమే ముందుకు వెళ్లేవాళ్లం. లెక్కలు రాసేవాణ్ణి కాబట్టి నాకు గువాహటి పద్దే పెద్ద నష్టంగా కనిపిస్తుంది. మన బదులు మూడో మెట్టుకు వెళ్లిన కువైట్ తన గ్రూపులో అట్టడుగున మిగిలింది కనుక, మనం వెళ్లినా ప్రపంచకప్ దాకా చేరేవాళ్లమని మాత్రం నేను అనను.

ఈ పోటీలకే 2027 ఆసియా కప్ అర్హత కూడా ముడిపెట్టారు. రెండో మెట్టు దాటిన 18 జట్లకు ఆసియా కప్‌లో చోటు ఖాయమైంది, దాటని భారత్ హాంకాంగ్, సింగపూర్, బంగ్లాదేశ్‌లతో మరో గ్రూపు ఆడాల్సి వచ్చింది. అందులో ఒక్క జట్టుకే బెర్తు. 2025 అక్టోబరు 14న మడ్‌గావ్‌లో సింగపూర్ మీద 14వ నిమిషంలోనే చాంగ్తే గోల్ చేశాడు. గువాహటి, దోహాల్లాగే 1-0తో ముందుండి 1-2తో ఓడాం, ఆసియా కప్ దారి కూడా అక్కడే మూసుకుపోయింది.