లైబ్రరీ చాట్‌లో ఎదురు ప్రశ్నలెందుకు?

ప్రశ్న: మేడమ్, పోచంపల్లి చేనేత మీద పీహెచ్‌డీ చేస్తున్నాను. ఉద్యోగం వల్ల యూనివర్సిటీ లైబ్రరీకి వెళ్లడం కుదరదు. లైబ్రరీ ఆన్‌లైన్ చాట్‌లో ‘పోచంపల్లి మీద మెటీరియల్ కావాలి’ అని అడిగితే వరసగా నాలుగు ప్రశ్నలు వేశారు. నాకేమీ తెలియదని తేలిపోయినట్టనిపించి చాట్ మూసేశాను. ఇంకోపక్క ఒక జర్నల్ వెబ్‌సైటు వ్యాసానికి 40 డాలర్లు కట్టమంటోంది. ఏం చేయను?
— ఒక పాఠకురాలు, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: మళ్లీ చాట్ తెరవండమ్మా. ఆ ప్రశ్నలు మిమ్మల్ని పరీక్షించడానికి కావు. 18 ఏళ్లుగా ఈ ఊళ్లోనే ఒక కాలేజీ లైబ్రరీలో రిఫరెన్స్ టేబుల్ దగ్గర కూర్చుంటున్నాను. ఎదురుగా నిలబడితే మొహం చూసి, చేతిలో నోట్సు చూసి సగం పోల్చుకుంటాం. చాట్‌లో అవేవీ కనపడవు, అడిగితేనే తెలుస్తుంది. ఓసారి ఒకమ్మాయి ‘చేనేత లెక్కలు కావాలి’ అని మెయిల్ పెట్టింది. ఎగుమతులా, మగ్గాలా, మనుషులా? మూడో మెయిల్‌కి గాని తేలలేదు, ఆమెకి కావలసింది తెలంగాణలో నేతపని చేసే ఆడవాళ్ల సంఖ్య అని. 2019-20 నాటి నాలుగో అఖిల భారత చేనేత గణన పంపాను. పది నిమిషాల పనికి రెండు రోజులు పట్టింది.

మీరు ఇలా రాయండి: ‘1990 తర్వాత పోచంపల్లి సహకార సంఘాల మీద రెండో అధ్యాయం రాస్తున్నాను. పీహెచ్‌డీ గ్రంథాలుండే వెబ్‌సైటు శోధ్‌గంగలో రెండు సిద్ధాంత గ్రంథాలు దొరికాయి. జర్నల్ వ్యాసాలు కావాలి, నెలాఖరులోగా.’ ఏ మాటలతో వెతికారో కూడా చెప్పండి. ఇంగ్లీషులో పోచంపల్లికి చివర ఐ పెట్టేవాళ్లున్నారు, వై పెట్టేవాళ్లున్నారు. ఇక్కత్ అనే ఆ నేత పేరుకి కొందరు ఒక కే, కొందరు రెండు కేలు. కొందరైతే టై అండ్ డై అనే రాశారు. ఒక్క స్పెల్లింగ్‌తో వెతికి, ఏమీ లేదని వదిలేసేవాళ్లను చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది.

డాలర్లు మాత్రం కట్టకండి. మీది ప్రభుత్వ యూనివర్సిటీ అయితే, 2025 జనవరిలో మొదలైన ‘వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్’ అనే కేంద్ర ప్రభుత్వ పథకం కింద 30 ప్రచురణ సంస్థల జర్నళ్లు, దాదాపు 13 వేలు, ఉచితంగా చదవొచ్చు. ఇంటి నుంచి చదవడానికి లాగిన్ ఇస్తారేమో చాట్‌లోనే అడగండి. అందులో లేని వ్యాసమైతే పేరు, రచయిత, సంవత్సరం, డీఓఐ (ఒక్కో వ్యాసానికి ఉండే గుర్తింపు) నంబరు పంపండి. మీ లైబ్రరీకి డెల్‌నెట్ అనే లైబ్రరీల నెట్‌వర్క్‌లో సభ్యత్వం ఉంటే ఇంకో లైబ్రరీ నుంచి తెప్పిస్తారు. రాత్రి పదకొండింటికి చాట్‌లో ఎవరూ లేరని ఊరుకోకండి, మెసేజ్ వదిలి పడుకోండి. పొద్దున టేబుల్ దగ్గరికి రాగానే మేం ముందు చూసేవి అవే.